పెన్సిల్‌తో రాసిన వీలునామా

వీలునామా రాసేవాళ్లంత తొందరపాటు మనుషులు లోకంలో ఇంకెవరూ ఉండరు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ దాన్ని రాయకుండా ఉంచాలి. సగం రాసి ఆపితే మరీ మంచిది! ఆరేళ్లపాటు ఆ సుఖం అనుభవించినవాణ్ణి కనుకనే ఇంత ధీమాగా చెబుతున్నాను.

లాయరుగారిచ్చిన కాగితంలో అన్నీ నింపాం. ఇల్లు, బీరువా, స్కూటరు, చివరికి బట్టలారేసుకోవడానికి మాత్రమే పనికొస్తున్న ట్రెడ్‌మిల్ కూడా. ఒక్క గడి మిగిలింది. మేమిద్దరం లేని పక్షంలో మైనరు బిడ్డల సంరక్షణ ఎవరిది? అప్పటికి చిన్నదానికి మూడేళ్లు, పెద్దదానికి పదమూడు.

నేను పెన్సిల్‌తో మా తమ్ముడి పేరు రాశాను. మా ఆవిడ చెరిపేసింది. వాడింట్లో భోజనమంటే బిస్కెట్ ప్యాకెట్టేనట. తను వాళ్లక్క పేరు రాసింది. నేను చెరిపేశాను. వదినగారింట్లో నవ్వాలన్నా ముందు చేతులు కడుక్కోవాలి. ఇలా రాసీ చెరిపీ, రాసీ చెరిపీ, మూడో ఏటికల్లా ఆ గడిలో కాగితానికి చిల్లు పడింది.

ఆ చిల్లు చేసిన మేలు చూడండి! పిల్లలు తమకే దక్కాలని తమ్ముడికీ, వదినగారికీ ఆశ. అందుకని తమ్ముడు పిలవకుండానే వచ్చి కుళాయి బాగుచేసి వెళుతున్నాడు. వదినగారు నా పొట్ట ప్రస్తావన పూర్తిగా మానేశారు. పేరు రాసేసి ఉంటే ఒకరు శాశ్వతంగా అలిగేవారు, ఇంకొకరు శాశ్వతంగా సలహాలిచ్చేవారు. ఎవరికి కావాలండీ ఆ గొడవ?

మీ దంపతులిద్దరికీ ఒకేసారి ఏమైనా అయితే ఎలా అని లాయరుగారు బెదిరించారు. ఒకేసారి ఎందుకవుతుంది? మేం కలిసి ప్రయాణించడమే మానేశాం! ఆవిడ బస్సులో, నేను స్కూటరు మీద ఆ బస్సు వెనకాల. సెలవుల్లో ఆవిడ పొద్దుటి రైలు, నేను సాయంత్రం రైలు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా స్టేషన్లో ఆవిడ కనిపిస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటోందంటే అది ఆ ఖాళీ గడి చలవే.

కాకపోతే లిఫ్టు సంగతి మరిచిపోయాం.

పోయిన ఆదివారం కూరగాయల సంచులతో ఇద్దరం ఒకే లిఫ్టు ఎక్కాం. మూడో అంతస్తు దాటగానే అది ఆగిపోయింది. లైటు పోయింది. మా ఆవిడ నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"బిస్కెట్లయినా పరవాలేదండీ, మీ తమ్ముడి పేరే రాసుండాల్సింది," అంది.

సరిగ్గా అప్పుడే నాకు వదినగారే నయమనిపించింది. ఆ మాటే పైకన్నాను. ఇంకేముంది, చీకట్లో నలభై నిమిషాలు పోట్లాడుకున్నాం.

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా మా పెద్దది. పొద్దున లేస్తే తన సాక్సు తనకు దొరకని పిల్ల! మెకానిక్‌ని పిలిపించి, చెల్లెలికి అన్నం పెట్టి, అతను వచ్చేలోగా బీరువాలోంచి మా కాగితం తీసింది. చిల్లు వెనక తెల్లకాగితం అతికించింది. ఆ గడిలో పెన్నుతో "అక్క" అని రాసింది. కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో సాక్షి సంతకం చిన్నదానిది.

"మీ పోట్లాట రెండంతస్తులకీ వినిపించింది నాన్నా. నాకు పద్దెనిమిది నిండి ఏడాది దాటింది. నన్నొక్క మాట అడగొచ్చుగా?" అంది.

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు లాయరుగారు ఆ సాక్షి చెల్లదని కొట్టేసి, పెద్దదాని పేరు పద్ధతి ప్రకారం టైపు చేయించారు. మేం సంతకాలు పెట్టాం. మొత్తం పావుగంట. ఆరేళ్లు మేం వాయిదా వేసింది ఆ పావుగంటనే.

అయినా నా మాట మార్చుకోను! మీరూ ఆ గడి ఖాళీగానే ఉంచండి. పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యాక వాళ్లే నింపుకుంటారు. అందాకా మీరిద్దరూ బతికే ఉంటారని మాత్రం ఎవరిచేతనైనా రాయించుకోండి. పెన్నుతో.