పదిహేనో వరుస

మంగళవారం పొద్దున లోవ్రో జుపాంత్స్ పెట్టుకున్న పనులు రెండు. పార్లమెంటులో ఎవరూ ఏమీ చదవరని మధ్యాహ్నంలోపు రుజువు చేయడం, రెండు గంటల రైలుకు ఊరికి పోయి తేనెపెట్టెలు చూసుకోవడం.

ఆయన ఐరోపా చట్టాల అమలును పరిశీలించే పార్లమెంటు సంఘంలో గుమస్తా. బ్రస్సెల్స్ ఒక ఆదేశం పంపుతుంది. రాజధాని లుబ్లియానాలో మంత్రిత్వ శాఖ దాన్ని దేశపు చట్టంగా మారుస్తుంది. మార్చేటప్పుడు ఏమైనా వదిలేశారా, అడగనిదేమైనా కలిపారా అన్నది సంఘం చూడాలి. సభ్యులకు కళ్లు నొప్పెట్టకుండా లోవ్రో ఒక పట్టిక గీస్తాడు. ఎడమవైపు వాళ్లు అడిగింది, కుడివైపు మనం చేసింది. పదకొండేళ్లుగా గీస్తున్నాడు. ఈ పదకొండేళ్లలో ఆయనకు ఒక్క ప్రశ్న వచ్చింది. అది కాఫీ గురించి.

ఈసారి వచ్చింది తేనె ఆదేశం. పద్నాలుగు వరుసలు. పదిహేనోది లోవ్రో సొంతంగా కలిపాడు. తనకు తోచిన వాటిలోకెల్లా తెలివితక్కువ మాట ఏరి రాశాడు: "తేనెపెట్టెల ముందు పలకల మీది బొమ్మలు చెరిపి, మూడేళ్లకోసారి ఒకే రంగు వేయవలెను." తాతముత్తాతల నాటి నుంచి ఆ పలకలకు బొమ్మలు వేసుకునే దేశం వాళ్లది. చదివినవాడు ఎవడైనా నవ్వాలి. నవ్వకపోతే చదవనట్టే లెక్క. సమావేశం ముగిశాక అధ్యక్షురాలికి సంగతి చెప్పి, అందరి మొహాలూ ఒకసారి చూసి రైలెక్కాలని ఆయన ఆశ.

కానీ వాళ్లు చదివారు. ఆ ఒక్క వరుసే చదివారు. మిగతావన్నీ తేమశాతం, పుప్పొడి వడపోత. అర్థమయ్యేది అదొక్కటే.

"పదిహేనోదానికి కుడివైపు ఖాళీగా ఉందేం? శాఖవారు నిద్రపోతున్నారా?" అన్నాడు ప్రతిపక్ష సభ్యుడు డ్రాగో పీర్త్స్.

శాఖ తరఫున వచ్చిన కార్యదర్శి తిలెన్ హాఫ్నర్ ఆదేశం తెరిచి చూసినవాడు కాదు. చూడలేదని ఒప్పుకునేవాడూ కాదు.

"అది మూడో అనుబంధంలో ఉందండీ. బ్రస్సెల్స్ పట్టుబట్టింది. మేం చాలా పోరాడాం."

"పోరాడి ఏం సాధించారు?"

"వాళ్లు ఏడాదికోసారి అన్నారు. మూడేళ్లకు దించాం."

"ఆస్ట్రియావాళ్లు ఐదేళ్లు తెచ్చుకున్నారు," అన్నాడు డ్రాగో. ఆ సంగతి అప్పుడే ఆయన నోట్లో పుట్టింది.

లోవ్రో గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షురాలు వీడా మ్లీనార్ కళ్లజోడు మీదుగా ఆయన వైపు చూసింది. ఆ గదిలో గుమస్తా అడగందే మాట్లాడకూడదు. ఆయన మంచినీళ్లు తాగి ఊరుకున్నాడు.

ఇంతకాలం అమలు చేయలేదని ప్రతిపక్షం చేతులెత్తింది, ఇప్పుడు చేస్తున్నామని పాలకపక్షం ఎత్తింది. సంఘం చరిత్రలో మొదటిసారి తీర్మానం ఏకగ్రీవమైంది. రెండు గంటల రైలు వెళ్లిపోయింది.

బుధవారం రేడియోలో చెప్పారు. గురువారం తేనె రైతుల సంఘం రెండుగా చీలింది, నియమం గురించి కాదు, రంగు గురించి. సగంమంది ఆకుపచ్చ అన్నారు, సగంమంది నీలం అన్నారు. శాఖ ఎవరినీ నొప్పించకుండా బూడిదరంగు ఖాయం చేసింది. ఎందుకు వేయాలని ఒక్కడూ అడగలేదు.

శుక్రవారం సాయంత్రం లోవ్రో ఊళ్లో దిగేసరికి మరదలు ఫానీ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"బావా, శాఖ మనిషి వచ్చి పోయాడు. అక్క వేసిన పలకలు ఇరవైరెండూ రాసుకున్నాడు. నెలలోపు బూడిదరంగు పూయాలట."

"నువ్వేమన్నావు?"

"ఏ దద్దమ్మ బుర్రలో పుట్టిందయ్యా ఇది అన్నాను. బ్రస్సెల్స్‌లో అన్నాడు. అక్కడ మనకు తెలిసిన దద్దమ్మలెవరూ లేరు కదా?"

లోవ్రో పెట్టెల దగ్గరికి నడిచాడు. ఊళ్లో అందరి పలకల మీదా దెయ్యం సానరాయికి పెట్టి నూరేది గయ్యాళి ఆడదాని నాలుకను. ఆయన భార్య తోంచ్కా మాత్రం మొగుడి నాలుక వేసింది. మీసాలతో సహా లోవ్రో మొహమే. ఆ పలక తీసెయ్యమని ఆమెతో ఒక వేసవంతా పోట్లాడాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఆమె చేతి గుర్తంటూ ఉన్నవి ఆ ఇరవైరెండు పలకలే.

"ఆ వరుస రాసింది నేనే ఫానీ."

ఆమె పలకను చూసింది, ఆయన్ను చూసింది. "అక్క ఊరికే నూరించలేదు," అంది. "రాసినవాడివి చెరపలేవా?" అంది.

సోమవారం సమావేశంలో లోవ్రో ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు.

"పదిహేనో వరుస బ్రస్సెల్స్‌ది కాదు. నేను కలిపాను."

బ్రస్సెల్స్‌తో పోరాడి వచ్చిన హాఫ్నర్ బల్ల వైపు చూశాడు. ఆస్ట్రియా సంగతి తెలిసిన డ్రాగో కిటికీ వైపు చూశాడు. వీడా కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"లోవ్రో గారూ, మిమ్మల్ని ఎవరైనా మాట్లాడమన్నారా?"

"లేదండీ."

"అయితే మీరు మాట్లాడలేదు." ఆమె మాటలు రాసుకునే అమ్మాయి వైపు తిరిగింది. "అది రాయకమ్మా."

విరామంలో నడవాలోకి పిలిచి మెత్తగా చెప్పింది. "ఇప్పుడు లేదంటే శాఖ పరువు పోతుంది, ప్రతిపక్షం పరువు పోతుంది, మనకున్న ఒక్క ఏకగ్రీవం పోతుంది. మీ ఒక్కరి నిజం కోసం ఇంతమందిని ముంచుతారా? తుది పట్టిక రేపటికి ఇవ్వండి."

లోవ్రో బల్ల దగ్గర కూర్చుని తుది పట్టిక గీశాడు. పదిహేనో వరుస చెరపడం చేతకాదు, అది ఇప్పుడు అందరిదీ. దాని కింద పదహారోది చేర్చాడు: "ప్రస్తుతం బతికిలేనివారు వేసిన బొమ్మలకు పై నియమం వర్తించదు." కుడివైపు "పూర్తిగా అమలైంది" అని రాశాడు.

మర్నాడు బూడిదరంగు లేతగా ఉండాలా ముదురుగా ఉండాలా అని నలభై నిమిషాలు వాదించుకున్నారు. చివరికి రెండూ సరేననుకున్నారు.

"పదహారు. అభ్యంతరాలున్నాయా?" అంది వీడా.

అప్పుడే కాఫీ వచ్చింది. అభ్యంతరాలు లేవు.

నెల తిరిగాక శాఖ మనిషి మళ్లీ ఊరికి వచ్చాడు. తోంచ్కా పలకల ముందు నిలబడి కాగితం చదువుకుని టోపీ తీశాడు, జాబితాలో ఆ ఇరవైరెండూ కొట్టేశాడు. పక్కింటికి వెళ్తే అక్కడివన్నీ ముత్తాత వేసినవని తేలింది. ఆ పైయింట్లోనూ అంతే. మొన్న చలికాలం మాతియా సొంతంగా వేసుకున్న పలక కూడా, రంగు వాసన పోకముందే, వాళ్ల తాతదైపోయింది. దేశంలో బతికున్నవాళ్లెవరూ పలకకు బొమ్మ వేసిన పాపాన పోలేదని శాఖ నివేదిక పంపింది. పార్లమెంటు సంఘం సంతృప్తి ప్రకటించింది.

పార్లమెంటులో ఎవరూ ఏమీ చదవరని లోవ్రో రుజువు చేశాడు, ఎవరికీ చెప్పలేదు.