కబడ్డీ కోర్టులో నురగ

ఆ ఆదివారం ప్రమీలారాణి పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. పొద్దున్నే వంట ముగించి, పెరట్లో ఎండలో పెట్టిన సీసాల్లోంచి గంటకోసారి కాస్త మందు తీసి దాచాలి. మర్నాడు కాలేజీకి తీసుకెళ్లి ఎంత చెడిందో చూడాలి. అంతే.

ఆమె భద్రాచలంలో ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరర్. వాపునూ దురదనూ తగ్గించే ఒక స్టెరాయిడ్ మందు సోడా కలిపిన నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందన్నది ఆమె పరిశోధన. సోడా అంటే తాగేది కాదు, బట్టలుతికేది. ఆ క్షారంలో మందు ఎక్కువసేపు బతకదు, విరిగిపోతుంది. ఎంత వేడికి ఎంత త్వరగా విరుగుతుందో తేల్చాలి. సమంగా వేడి ఉంచే యంత్రం కాలేజీలో ఉంది కానీ, 2006 వేసవిలో దాన్ని నడిపే కరెంటు లేదు. అందుకే సీసాలను పినపాకలోని తన ఇంటికి తెచ్చుకుంది. మే నెలలో పినపాక ఎండను మించిన యంత్రాన్ని ఏ కంపెనీ ఇంకా తయారు చేయలేదు. వెలుతురు తగలకుండా సీసాలకు నల్ల కాగితం చుట్టి, నీళ్ల బకెట్లో నిలబెట్టింది. నిన్నటి నుంచి అవి అక్కడే ఉడుకుతున్నాయి.

ఆమె భర్త రామ్‌చందర్ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు, వాగొడ్డు యూత్ కబడ్డీ జట్టుకు కోచ్. ఆ జట్టు పుట్టాక మొదటిసారి ఫైనల్‌కి చేరింది. ఆ ఆనందంలో అతనికి రాత్రంతా నిద్రపట్టలేదు, ఆమెనూ పట్టనివ్వలేదు.

"ప్రమీలా, నాటుమందుల గంగక్క కాళ్లకు రాసే కషాయం పంపిస్తనన్నది. వచ్చిందా?" అన్నాడు మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటూ.

ప్రమీలారాణి స్నానాల గదిలో ఉంది. బకెట్ చప్పుడులో ఆమెకు "వచ్చిందా" అన్నది మాత్రం వినబడింది. పంపులో నీళ్ల సంగతి కాబోలనుకుంది.

"వచ్చిందండీ, సన్నగా వస్తోంది!"

రెండు రోజులుగా గ్రౌండు తప్ప ఇల్లు పట్టని రామ్‌చందర్ పెరట్లోకి చూశాడు. ఎండలో వెచ్చబెట్టిన సీసాలు, పైన కాగితాలు. గంగక్క ఎంత శ్రద్ధగా చుట్టిందో అని మురిసిపోయి, అన్నీ సంచిలో వేసుకుని గ్రౌండుకు వెళ్లాడు.

అక్కడ జట్టు కెప్టెన్ జంపయ్య ఒక సీసా మూత తీసి అరచేతిలో ఒంపుకున్నాడు.

"ఏందన్నా, గిది నీళ్ల లెక్కున్నది?"

"గంగక్క ఈసారి మంచిగ వడపోసింది. రాయుండ్రి, జల్దీ!"

జట్టంతా కాళ్లకూ చేతులకూ వీపులకూ ధారాళంగా పట్టించారు.

ఇంట్లో ప్రమీలారాణి తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి బకెట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు. అంతలో గేటు దగ్గర గంగక్క, చేతిలో కల్లు ముంతంత కుండతో నిలబడింది.

"అమ్మా, సారు ఉన్నడా? కషాయం తెచ్చిన."

"ఇప్పుడు తెచ్చావా? మరి ఆయన పట్టుకెళ్లింది..."

మిగతాది గంగక్కకు చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది. తడి జుట్టుతోనే ఆటో ఎక్కింది. దారి పొడవునా రెండు భయాలు ఆమెను పీక్కుతిన్నాయి. పిల్లల ఒంటికి ఏమవుతుందోనని ఒకటి, పరిశోధన ఏమవుతుందోనని రెండోది. ఏది ముందు వచ్చిందో తర్వాత ఎవరడిగినా ఆమె చెప్పలేదు.

గ్రౌండులో అప్పటికే వింత జరుగుతోంది. అవతలిది సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన గరుడ యూత్ జట్టు, పేరు మోసిన పట్టుగాళ్లు. ఆ రోజు మాత్రం వాళ్ల చేతికి ఎవరూ చిక్కడం లేదు. జంపయ్య కూతకు వెళితే నలుగురు మీదపడేవారు. మరుక్షణం నలుగురూ ఒకరినొకరు పట్టుకుని ఉండేవారు, జంపయ్య గీత దాటి నవ్వుతూ ఉండేవాడు. ఆట ముదిరిన కొద్దీ అందరి ఒంటి మీదా తెల్లటి నురగ తేలసాగింది.

గరుడ జట్టు మేనేజర్ చెంచురామయ్య రిఫరీ మీదికి దూకాడు. "ఏంటండీ ఇది? మనుషులా, కొరమేనులా? ఏదో పూసుకొచ్చారు వీళ్లు!"

రిఫరీ జైరాం జంపయ్య కాళ్లు తడిమి, వాసన చూసి, "నూనె లేదు" అని మైకులో తేల్చాడు. ఆట మళ్లీ మొదలవ్వబోతుండగా ప్రమీలారాణి రొప్పుతూ వచ్చింది. భర్తను కేకేస్తే ఆ గోలలో వినబడలేదు. ఎదురుగా మైకు కనబడింది. లాక్కుంది.

"ఏమండీ, ఆపండి! ఆ సీసాల్లో ఉన్నది స్టెరాయిడ్!"

నాలుగు చెట్లకు కట్టిన నాలుగు మైకులూ ఆ మాటను పినపాక అంతటికీ చెప్పాయి.

వెంటనే చెంచురామయ్య గొంతు లేచింది. "విన్నారా! స్టెరాయిడ్ ఎక్కించుకుని ఆడుతున్నారు! సాక్షాత్తూ కోచ్ గారి భార్యే చెప్పింది!"

రామ్‌చందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం మాట్లాడుతున్నవే? గది గంగక్క కషాయం!"

"కాదండీ, నా పరిశోధన."

జనం కోర్టులోకి వచ్చేశారు. కప్పు బల్ల మీద నుంచి తీసి బల్ల కింద పెట్టారు. జైరాం ప్రమీలారాణిని కుర్చీలో కూర్చోబెట్టి, "మేడం, సూటిగ చెప్పుండ్రి. స్టెరాయిడ్ ఉన్నదా, లేదా?" అన్నాడు.

భర్త కళ్లలోకి చూసింది. ఆ కళ్లు అంత దీనంగా ఉండటం ఆమె పెళ్లిలో కూడా చూడలేదు. ఏదో ఒకటి చేయాలి. పక్కనే జట్టు మొత్తం నిలబడి బరబరా గోక్కుంటోంది. ఆమెకు దారి దొరికింది.

"ఉండేది. ఇప్పుడు లేదు. సోడా నీళ్లలో, అందులోనూ ఈ ఎండలో, అది విరిగి చచ్చిపోయింది."

"నమ్మేదెట్లా?" అన్నాడు చెంచురామయ్య.

"అది దురద తగ్గించే మందు. బతికుంటే వీళ్లు ఇట్లా గోక్కునేవాళ్లా?"

జంపయ్య వీపు చేతికందక కోర్టు పక్క గుంజకు రుద్దుకుంటున్నాడు. అంతకు మించిన సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. నిజానికి ఏ మందూ అంత త్వరగా దురద తగ్గించదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కనుక ఆమె చెప్పలేదు.

"స్టెరాయిడ్ లేదు!" అని జైరాం ప్రకటించాడు. వాగొడ్డు వాళ్లు ఈలలు వేశారు. రామ్‌చందర్ భార్యను నలుగురిలో ఎత్తుకోబోయి, మనసు మార్చుకుని కుర్చీని ఎత్తాడు.

"మరి ఆ జారుడేమిటమ్మా?" చెంచురామయ్య వదల్లేదు.

రామ్‌చందర్ సైగ చేశాడు, వద్దని. కానీ పన్నెండేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి. ప్రశ్న వినబడితే జవాబు దానంతటదే వచ్చేస్తుంది.

"సోడా నీళ్లు ఒంటికి తగిలితే జారుతుందండీ. దానికి నూనె తోడైతే సబ్బవుతుంది. ఆ నురగ అదే."

"సబ్బు! సబ్బు పూసుకు ఆడారు! జట్టును తీసెయ్యాలి!" చెంచురామయ్య గంతులేశాడు.

రామ్‌చందర్ ఎత్తిన కుర్చీని భార్యతో సహా కింద పెట్టేశాడు. ఆమె నాలుక కరుచుకుంది. పరువు కాపాడిన నోటితోనే కప్పు పోగొట్టింది. తను చెప్పిన పాఠాన్నే మళ్లీ మనసులో తిప్పింది. సోడా. నూనె. సబ్బు.

"రిఫరీ గారూ," అంది మెల్లగా, "సోడా మా వాళ్లదే, ఒప్పుకుంటాను. మా ఒంటి మీద నూనె లేదని ఇందాక మీరే అన్నారు. మరి నూనె ఎవరిది?"

చెంచురామయ్య గంతు సగంలో ఆగింది.

జైరాం లేచి గరుడ జట్టు కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. జైరాం అతని చొక్కా మెడ పక్కకు లాగి భుజం వాసన చూశాడు. పక్కవాడిదీ చూశాడు. "కొబ్బరి నూనె," అన్నాడు. "జట్టంతా."

"ఎండకు చర్మం పగులుతుందని..." అన్నాడు చెంచురామయ్య.

ఆ తర్వాత రెండు జట్లూ ఒకే బోరింగు దగ్గర వరసగా కూర్చుని స్నానం చేశాయి. వేరే సబ్బు ఎవరికీ అవసరం రాలేదు. సోడా పూసిన జట్టునీ నూనె రాసిన జట్టునీ జైరాం పోటీలోంచి తప్పించాడు. కప్పు, సెమీఫైనల్లో ఓడి, వేరే దారిలేక మూడో స్థానం తెచ్చుకుని, పొద్దున్నే లారీ ఎక్కి వెళ్లిపోయిన వైరా జట్టుకు దక్కింది.

తాము అంత బాగా ఎప్పుడు ఆడామో వైరా వాళ్లకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.