ఒక చెయ్యి వేయడం గురించి

అపార్థాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ ఆయన విగ్రహం ఒకటి పెట్టించాలని నా ప్రతిపాదన.

నవ్వకండి. తప్పు జరిగిందంటే చేసినవాడు ఒకడుండాలి. వాణ్ణి పిలిచి ఏదో ఒకటి అనాలి. అన్నాక మర్నాడు మళ్లీ వాడి మొహం చూడాలి. ఎంత కష్టం! అదే అపార్థం జరిగిందనుకోండి, చేసినవాడంటూ ఎవరూ ఉండరు. వాన పడ్డట్టు దానంతట అదే పడుతుంది. గొడుగు తెచ్చుకోనివాళ్లదే పొరపాటు.

ఈ జ్ఞానం నాకు మా ప్రెస్సులో కలిగింది. మేము మందు సీసాల మీద అంటించే లేబుళ్లు అచ్చు వేస్తాం. నేనక్కడ సీనియర్ ప్రూఫ్ రీడర్‌ని. 'భోజనానికి ముందు' అన్నచోట 'ముందు' ఎగిరిపోతే ఏమవుతుందో తెలిసినవాణ్ణి. ముప్ఫై ఏళ్లలో ఒక్క మాట కూడా వదిలెయ్యలేదని పేరు. ఆ పేరు చూసే నన్ను ఫిర్యాదుల కమిటీలో వేశారు.

మొదటి ఫిర్యాదు నా పక్క బల్ల అమ్మాయిదే. చేరి అయిదు నెలలైంది. ఇంకో నెలలో ఉద్యోగం ఖాయం కావాలి. మెషిన్ల దగ్గరి ఫోర్‌మన్ గారి గురించి ఒక్క వాక్యం రాసింది. 'ఫోర్‌మన్ గారు చెయ్యి వేస్తున్నారు, ఆపించగలరు.'

మా ప్రెస్సులో కాగితం కట్టలు బరువు. 'ఒరేయ్, ఇటొక చెయ్యి వెయ్యరా' అన్న కేక పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వినపడుతూనే ఉంటుంది. అందువల్ల మేనేజర్ గారు ఆ వాక్యం చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచారు.

"చెయ్యి వేయడమంటే, ఏ విధంగా అంటారు?"

అకౌంట్స్ మేడమ్ ఫ్యాను వైపు చూశారు. కమిటీలో మూడో మనిషిని నేను.

"ఆ అమ్మాయినే పిలిచి అడిగితేనో?" అన్నాను.

"ఏం బావుంటుందండీ," అన్నారు మేడమ్. "ఆడపిల్ల. ఇబ్బంది పడుతుంది."

ఎంత సున్నితమో చూడండి. ఇబ్బంది పడుతున్నానని రాసిన మనిషిని ఇబ్బంది పెట్టకూడదని, ఆమెను తప్ప ప్రెస్సులో అందరినీ అడిగాం. వాచ్‌మన్‌ని కూడా అడిగాం. తను గేటు దగ్గరే ఉంటానని అతను సాక్ష్యం చెప్పాడు.

ఫోర్‌మన్ గారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పాతికేళ్లయింది సార్ నేనిక్కడ చేరి. నా చేతిసాయం అందనివాళ్లెవరో చెప్పండి. పాప కట్ట మోసుకెళ్తుంటే ఒక చెయ్యి వేశాను. అదీ తప్పంటే రేపట్నుంచి జేబులో పెట్టుకుంటా."

అప్పుడు నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. పోయి నాలుగేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఆరిన దుప్పటి కొస పట్టుకుని, 'ఏమండీ, ఒక చెయ్యి వేద్దురూ' అని పిలిచేది. ఆ సంగతి కమిటీకి చెప్పాను. గదిలో గాలి తేలికపడింది. మేడమ్ బిస్కట్ల ప్లేటు నా వైపు జరిపారు. చెయ్యి వేయడమంటే సాయమేనని సాక్ష్యంతో సహా తేలిపోయింది. అంతా అపార్థం!

ఎవరి మనసూ నొప్పించకుండా తీర్మానం రాశాం. ఫోర్‌మన్ గారికి ఓదార్పుగా కొత్త కుర్చీ. అమ్మాయికి కట్టలు మోసే బాధ లేకుండా మేడ మీద పాత ప్రూఫుల గది. ఒక్కతే కూర్చోవచ్చు, ఎంత ప్రశాంతం! ఇకపోతే, ప్రూఫ్ రీడర్ అయ్యుండి రెండర్థాల వాక్యం రాసింది గనుక, భాష మెరుగుపడేదాకా ఉద్యోగం ఖాయం చెయ్యడం ఆరు నెలలు వాయిదా. కింద మూడు సంతకాలు. వాటిలో నాదే అందంగా ఉంది.

మర్నాడు ఆ అమ్మాయి తన సామాను సర్దుకుని వెళ్తూ, ఫిర్యాదు నకలు నా బల్ల మీద పెట్టింది. ఒక మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

"సార్, ఒక మాట వదిలేశారు."

వదిలేశాను. పైన మీకు చెప్పిన వాక్యంలోనూ వదిలేశాను, వెనక్కి వెళ్లి చూసుకోండి. ఆమె రాసింది ఇది: 'ఫోర్‌మన్ గారు వద్దన్నా చెయ్యి వేస్తున్నారు, ఆపించగలరు.'

ఫోర్‌మన్ గారు సాయమే చేశారేమో. నాకు తెలియదు, తెలిసిన మనిషిని అడగలేదు కదా. కానీ వద్దన్న తర్వాత అది ఏ రకం చెయ్యి అయితేనేం? మా ఆవిడ ఇంకో మాట కూడా అనేది. 'వద్దు లెండి, మీరు పట్టుకుంటే మడత వంకరపోతుంది.' నేను కొస వదిలేసేవాణ్ణి. ఆ సగం సాక్ష్యం కమిటీకి చెప్పలేదు.

మళ్లీ విచారించమని మేనేజర్ గారికి కాగితం పెట్టాను. ఆయన జాలిగా నవ్వారు. "మీరు కమిటీ ఉద్దేశాన్ని అపార్థం చేసుకున్నారండీ."

ఈ మధ్య మేడ మీదికి ప్రూఫు కాగితాలు చేరవేసే పని ఫోర్‌మన్ గారే స్వయంగా చూసుకుంటున్నారు. కొత్త కుర్చీ ఎక్కువసేపు ఖాళీగానే ఉంటోంది.

అందుకని సోమవారం నాడు నా బల్ల కూడా మేడ మీదికి మార్చుకున్నాను, ఎవరి అనుమతీ తీసుకోలేదు. బల్ల ఈడ్చుకెళ్తూ నాలుగో మెట్టు మీద ఆయాసం వచ్చి ఆగితే, ఆ అమ్మాయి పైనుంచి చూసి గబగబా దిగి వచ్చింది.

"ఒక చెయ్యి వెయ్యనా సార్?"

"వద్దమ్మా," అన్నాను.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు తప్పుకుని దారిచ్చింది.

ఆ ఒక్క మాట అర్థం కావడానికి ఆమెకు కమిటీ అవసరం పడలేదు.