మోగితేనే హాజరు

చప్పుడు చేయని మనిషి అక్కడ లేనట్టే అనే గొప్ప సత్యాన్ని ఇన్ని శతాబ్దాలుగా ఏ తత్వవేత్తా కనిపెట్టలేకపోయాడు. చివరికి మా పట్టణ సంగీత సమన్వయ విభాగం కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోకుండా యాప్ కూడా తయారు చేసింది.

మా పట్టణానికి ఒక సింఫనీ ఆర్కెస్ట్రా ఉంది. మొత్తం అరవై రెండు మంది. పళ్ల డాక్టరు వయొలిన్ వాయిస్తాడు, లారీ మెకానిక్ బాకా ఊదుతాడు, లెక్కల టీచరమ్మ ఫ్లూటు పడుతుంది. ఎవరికీ జీతం లేదు, ఆదివారం సాయంత్రాలు వచ్చి వాయించుకుని పోతారు. రాబోయే సీజన్‌లో నాలుగు కచేరీలు ఉన్నాయని విభాగం వారు ముప్పై రెండు పేజీల పుస్తకం అచ్చు వేశారు. అందులో సంగీతానికి ఒక పేజీ, నిబంధనలకు ముప్పై పేజీలు. (మిగిలిన పేజీలో ‘ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలివేయడమైనది’ అని పెద్ద అక్షరాలతో నింపారు.)

అసలు సంగతి పదిహేడో పేజీలో ఉంది. ఇకపై వేదిక మీదా, ప్రేక్షకుల వైపూ ప్రతి కుర్చీకీ అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తగిలిస్తారు. కుర్చీ నుంచి శబ్దం వస్తే యాప్‌లో మనిషి హాజరు, రాకపోతే గైర్హాజరు. రిహార్సళ్లలో డెబ్బై అయిదు శాతం హాజరు లేనివారు కచేరీ నాడు వేదిక ఎక్కరాదు. ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన హాజరు అధికారి అంతకుముందు నీళ్ల మీటర్ల విభాగంలో పనిచేశారు. మీటరు తిరగని ఇంట్లో మనుషులు లేరని ఆయనకు అనుభవం మీద తెలుసు.

మొదటి దెబ్బ పుల్ల మాస్టారికి తగిలింది. అందరి ముందూ నిలబడి సన్నని పుల్ల ఊపుతూ ఆర్కెస్ట్రాను నడిపించే పెద్దమనిషి ఆయన. పంతొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం కూడా మానలేదు గానీ, పుల్ల గాలిలో ఎంత ఊపినా చప్పుడు కాదు కదా! నెల తిరక్కుండానే ఆ స్థానం ఖాళీగా ఉందని ప్రకటన పడింది. మాస్టారు తానే దరఖాస్తు పెట్టుకున్నారు. అనుభవం లేదని తిరస్కరించారు. ఆ తర్వాత ఆయన సందర్శకుల చీటీ తీసుకుని వచ్చి పుల్ల ఊపుతున్నారు.

రెండో దెబ్బ మా పిన్నికి తగిలింది. పిన్ని బట్టలు కుడుతుంది. ఆర్కెస్ట్రాలో ఆమెది ట్రయాంగిల్, అంటే ముక్కోణంగా వంచిన ఇనుప కడ్డీ. చిన్న పుల్లతో కొడితే ‘టింగ్’ అంటుంది. సీజన్ చివరి కచేరీలో వాయించబోయే రచన నలభై మూడు నిమిషాలది. అందులో పిన్ని కొట్టేది ఒక్కసారే, చిట్టచివర. అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు, అప్పుడు టింగ్. ఆ రచన ఎప్పుడు ఎంచుకుంటారా అని ఆమె పదకొండేళ్లుగా కళ్లలో వత్తులు వేసుకుని చూసింది.

అరవై రెండో నంబరు కుర్చీ ఆమెది. పక్కనున్న పెద్ద డ్రమ్ము మోగినప్పుడల్లా నేల అదిరి దాని కాలు ఒకటి కిర్రుమనేది. సంగీతంలో లేని చప్పుడు తన వైపు నుంచి రాకూడదని పిన్ని జాకెట్టు గుడ్డ ముక్క మడిచి ఆ కాలికింద పెట్టింది. అలా తన హాజరును తన చేత్తోనే చెడగొట్టుకుంది. నెలాఖరుకు నోటీసు వచ్చింది: ‘మీ హాజరు సున్నా దశాంశం రెండు శాతం. సంజాయిషీ ఇవ్వగలరు.’

నేనూ తోడు వెళ్లాను. హాజరు అధికారి మర్యాదస్తుడు, కూర్చోమన్నారు.

“మరి మిగతా నలభై రెండు నిమిషాల చిల్లర ఎక్కడికెళ్లారమ్మా?”

“ఎక్కడికీ వెళ్లలేదండీ. అక్కడే కూచుని లెక్కపెడుతున్నా.”

“పైకి లెక్కపెట్టారా?”

“మనసులోనండీ. పైకి లెక్కపెడితే పాట పాడైపోదూ?”

ఆయన తెర మీద చాలాసేపు వెతికారు. “మనసుకి మా దగ్గర గడి లేదమ్మా,” అన్నారు, నిజంగానే బాధపడుతూ.

చివరికి ఆయనే దారి చూపించారు. ‘మౌన సెలవు’ అని కొత్తది వచ్చిందట. పెట్టుకుంటే వేదిక మీద కూర్చోవచ్చు, హాజరు పోదు. అయితే సెలవు నిమిషాల లెక్కనే ఇస్తారు, సెకన్ల లెక్కన కుదరదు. కాబట్టి నలభై మూడు నిమిషాలకూ మంజూరు చేసి ముద్ర కొట్టారు.

“మరి నా టింగో?” అంది పిన్ని.

“సెలవులో ఉండి పనిచేయకూడదమ్మా. తప్పు.”

ఇంటికొస్తూ నాకు ఉపాయం తట్టింది. “ఆ గుడ్డ ముక్క తీసెయ్ పిన్నీ. కుర్చీయే నీ హాజరు వేసుకుంటుంది. సెలవూ అక్కర్లేదు.”

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. “ఒరేయ్, కాగితం మీద నాకు రాసింది ఒక్క టింగే. కిర్రు రాయలేదు. నోరు మూసుకుని నడువు.”

కచేరీ రోజు వచ్చింది. హాజరు భయంతో ఎవరూ క్షణం ఆగడం లేదు. తన వంతు లేనప్పుడు పళ్ల డాక్టరు తీగ గీకుతున్నాడు, మెకానిక్ బాకాలోకి దగ్గుతున్నాడు. ఆ గోలలో రచన ఏదో పోల్చుకోవడం రాసినవాడి తరం కూడా కాదు. పిన్ని మాత్రం సెలవులో కూర్చుని పెదవి కదపకుండా లెక్కపెడుతోంది. చివరి నిమిషంలో లేచి నిలబడింది. పుల్ల ఎత్తింది. ప్రేక్షకుల్లో కూర్చున్న నేను మెడ సాచి చూశాను. ఈ సంతలో ఆ టింగ్ ఎవరికి వినపడుతుంది?

లెక్కల టీచరమ్మ ఆమెను చూసి ఫ్లూటు దించేసింది. డాక్టరు ఆగాడు. మెకానిక్ ఆగాడు. ఆ ఆరు సెకన్లూ అరవై ఒక్క మందీ గైర్హాజరయ్యారు.

టింగ్.

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గులోకి తిప్పాను.

మర్నాడు నివేదిక వచ్చింది. ప్రేక్షకుల హాజరు: ఒకరు (దగ్గు). అరవై ఒక్క మందికి హెచ్చరిక. సెలవులో ఉండగా ఆరు సెకన్లు మోగినందుకు పిన్ని సభ్యత్వం రద్దు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని నోటీసు రెండుసార్లు చదివింది.

“ఆరు సెకన్లు మోగిందా! రిహార్సల్లో ఎప్పుడూ నాలుగు దాటలేదురా,” అంది, మొహం వెలిగిపోతూ. తర్వాత మిషను ముందు కూర్చుంది గానీ చాలాసేపు తొక్కలేదు.

ఇప్పుడు కొత్త సీజన్ మొదలైంది. అరవై రెండో కుర్చీ సామాన్ల జాబితాలో ఉంది కాబట్టి దాన్ని కదపలేదు. కాలికింది గుడ్డ ముక్కను మాత్రం ఊడ్చేవాళ్లు తీసేశారు. డ్రమ్ము మోగినప్పుడల్లా కిర్రుమంటోంది, డ్రమ్ము ఈ మధ్య ఆగడం లేదు. ఇప్పటిదాకా దాని హాజరు తొంభై ఆరు శాతం. ట్రయాంగిల్‌కి మనిషి కావాలని పుల్ల మాస్టారు సందర్శకుల ఫిర్యాదు పుస్తకంలో రాస్తే, హాజరు అధికారి కిందనే జవాబు రాశారు: ‘ప్రస్తుత సభ్యుని పనితీరు సంతృప్తికరంగా ఉన్నది. మార్పు అవసరం లేదు.’