నవ్వకుండా చూడాల్సిన ఇల్లు

ఆదివారం ఉదయం ఆ కొత్త దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. శివార్లలో అమ్మకానికి ఉన్న ఇల్లు చూడాలి, ధర మరీ ఎక్కువ కాబట్టి గట్టిగా బేరమాడాలి, బేరం తెగేదాకా కొత్త పెళ్లికూతురు నవ్వకూడదు.

చివరిదే కష్టం. ఏది నచ్చినా ఆమె మొహం చాటంత అవుతుంది. మొన్న కర్టెన్ల కొట్లో ఆ మొహం చూశాకే కొట్టతను ఇస్తానన్న తగ్గింపు కాస్తా మర్చిపోయాడు.

"ఇల్లు ఎంత బాగున్నా సరే, మొహం ముడుచుకునే ఉండు. ఆ ధరకి కొంటే పళ్లూడేదాకా వాయిదాలు కట్టాలి," అన్నాడు భర్త బస్సులో.

"తగ్గించకపోతేనండీ?"

"మన గది ఉందిగా."

ఆ గదిలో బీరువా తెరవాలంటే ఒకరు మంచమెక్కి నిలబడాలి. ఆమె అప్పటికప్పుడే మొహం ముడుచుకుని సాధన మొదలుపెట్టింది.

ఇల్లుగలావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆ ఇంటి మీద విసుగొచ్చి, చెల్లెలి పక్కన ఫ్లాట్‌లోకి మారిపోదామనుకుంటోంది. మధ్యవర్తి ముందు నడుస్తూ గదులు చూపిస్తున్నాడు. హాలు దాకా పెళ్లికూతురు బాగానే నెట్టుకొచ్చింది. వంటింట్లో కిటికీ కింద ఇద్దరు ఇరుక్కుని కూర్చునేంత అరుగు, దాని నిండా లేత ఎండ, ఆ ఎండలో నాలుగు కాళ్లూ గాల్లోకి చాపి నిద్రపోతున్న ఓ పరాయి పిల్లి. ఇక ఆమె వల్ల కాలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"అయ్యో, ఏడుస్తోందేంటయ్యా?" అంది హెడ్మిస్ట్రెస్.

నవ్వు కప్పిపుచ్చడానికి భార్య కొత్త ఎత్తు వేసిందనుకుని భర్త లోలోపల మురిసిపోయాడు. "ఇల్లు నచ్చలేదండీ తనకి," అన్నాడు బరువుగా.

"నచ్చని ఇల్లు కొనిపెడతావా? ఇటు తిరుగు. చేతులు కట్టుకో."

అతను కట్టుకున్నాడు.

ఏడుపు మాట విని పక్కింటావిడ పెరటి గుమ్మంలోంచి వచ్చేసింది. పెళ్లికూతురి వీపు నిమురుతూ, "ఊరుకో తల్లీ, కొనకపోతే పీడా పోయింది. ఎండాకాలం బోరు ఎండిపోతుంది. వానొస్తే వీధంతా చెరువే. ఆఫీసుకెళ్లేసరికి సగం జీవితం బస్సులోనే," అంది.

మధ్యవర్తి తల పట్టుకున్నాడు. "సార్, ధర తగ్గిద్దాం. మేడమ్‌ని కాస్త ఊరుకోమనండి."

ధర తగ్గుతుందన్న మాట వినగానే పెళ్లికూతురికి నవ్వు రెట్టింపైంది. భుజాల జోరు చూసి పక్కింటావిడ తనూ కళ్లొత్తుకుంది. అది చూశాక చున్నీ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. వంటిల్లు మారుమోగింది. పిల్లి లేచి వెళ్లిపోయింది.

"ఏడుపు కాదు పిన్నిగారూ," అందామె రొప్పుతూ. "ఇల్లు నాకు తెగ నచ్చేసింది. అది కనిపించకూడదన్నారు ఈయన."

భర్త చేతులు కట్టుకునే కళ్లు మూసుకున్నాడు.

"ఏం నచ్చిందేంటి?" అంది హెడ్మిస్ట్రెస్ అనుమానంగా.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అరుగు మీద ఎండ. మెట్ల మలుపులో పుస్తకం పట్టుకుని కూర్చునేంత చోటు. గాలి వీస్తే మెల్లగా తనంతట తనే మూసుకునే తలుపు. బోరు ఎండితే ఎండింది, వాన చెరువు కిటికీలోంచి ఎంత బాగుంటుందో. చెబుతూ చెబుతూ హెడ్మిస్ట్రెస్‌ని చెయ్యిపట్టి లాక్కెళ్లి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆవిడ ఎండలో చేతులు చాపింది. అరచేతులు అటూ ఇటూ తిప్పి కాచుకుంది.

"ఇన్నేళ్లూ ఇక్కడ నిలబడి వంట చేశానే తప్ప ఒక్కసారీ కూర్చోలేదమ్మాయ్," అంది చివరికి. "ఇలాంటి ఇల్లు ఎవరైనా అమ్ముకుంటారా? నేను అమ్మను."

పెళ్లికూతురి నవ్వు టక్కున ఆగింది. ఈసారి కళ్లలోకి నిజం కన్నీళ్లే వచ్చాయి.

"మళ్లీ నవ్వకు," అంది హెడ్మిస్ట్రెస్. "మేడ మీద రెండు గదులు ఊరికే పడున్నాయి. అద్దెకుండండి. అరుగు అందరిదీ. పొద్దున నాది, సాయంత్రం మీ ఇద్దరిది."

భర్త చేతులు విప్పాలో వద్దో తెలియక ఆవిడ వంక చూశాడు. మధ్యవర్తి తన ఫోన్‌లోంచి ఆ ఇంటి ఫొటోలన్నీ తుడిచేసి, ఇకమీదట ముసలి దంపతులకు మాత్రమే ఇళ్లు చూపించాలని నిర్ణయించుకున్నాడు.