తలుపు వెనక మగ గొంతు

జగన్మోహనరావు వృత్తిరీత్యా సేఫ్టీ ఆఫీసరు. అంటే, ఎక్కడ ఏ ప్రమాదం జరగబోతోందో అందరికంటే ముందు ఊహించి, అందరినీ భయపెట్టి జీతం తీసుకునే మనిషి. అబుదాబిలో వంతెన దాటితే వచ్చే రీమ్ దీవిలో, ఇరవై రెండో అంతస్తులో కాపురం. ఇంట్లో భార్య కృష్ణవేణి, అక్క కూతురు అక్షయ. అక్షయ ఆ దీవిలోనే ఒక యూనివర్సిటీలో చదువుతోంది. కాకినాడలో ఉన్న అక్కకు మాటిచ్చాడు కనుక ఆ పిల్లను రోజూ గేటు దాకా ఆయనే దింపుతాడు. లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర ఆగుతాడు.

ఆ మంగళవారం ఆయన పోర్టు పని మీద దుబాయ్ అవతల ఉన్న ఖోర్ ఫక్కాన్ వెళ్లాలి. పది రోజుల పని. ఆరున్నరకు కంపెనీ బండి వస్తుంది. అదే రోజు పదిన్నరకు అక్షయకు పరీక్ష. జ్వరం వల్ల ఒకసారి తప్పిపోయిన పేపరది. ఈసారీ రాయకపోతే సంవత్సరం పోతుంది, చదువు మీద ఇచ్చిన వీసా కూడా పోతుంది. ఈ సంగతి ఆ పిల్ల వారం నుంచి చెబుతూనే ఉంది. మామయ్య మాత్రం వారం నుంచి ఆడవాళ్లిద్దరూ ఒంటరిగా ఎలా ఉంటారన్న దిగులులోనే ఉన్నాడు. ఇద్దరున్నప్పుడు ఒంటరి ఎలా అవుతారని కృష్ణవేణి అడిగింది కానీ ఆయన వినిపించుకోలేదు.

బయలుదేరే ముందు ఇద్దరినీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి జాగ్రత్తలన్నీ అప్పజెప్పించుకున్నాడు. ఇంట్లో మగదిక్కు లేదని ఎవరికీ చెప్పకూడదు. యూనిఫాం చూసి తలుపు తీయకూడదు, యూనిఫాం ఎవడైనా కొనుక్కుంటాడు. ఆయన పాత సేఫ్టీ బూట్లు గుమ్మం బయట కనబడుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరున బయటపెట్టాడు. కృష్ణవేణి ఫోన్లో తన గొంతు మూడు రకాలుగా రికార్డు చేశాడు. ఎవరైనా తలుపు కొడితే బ్లూటూత్ స్పీకరు గుమ్మం దగ్గర పెట్టి అది వినిపించాలి. తెలుగులో తిడితే ఇక్కడ ఎవరికి అర్థమవుతుందని అక్షయ అడిగింది. తిట్టుకు భాషతో పనిలేదని, గొంతే చాలని ఆయన అన్నాడు. ఎలా వచ్చిందో విని చూసుకునే టైము లేక, తన తాళంచెవి అక్షయకు ఇచ్చేసి కిందికి దిగాడు.

దిగినవాడు ఊరుకున్నాడా? రిసెప్షన్లో జిలానీ బాషా ఉన్నాడు. రాయచోటి మనిషి, ఎనిమిదేళ్లుగా అక్కడే సెక్యూరిటీ. అతన్ని పక్కకు పిలిచి, పది రోజులు ఇంట్లో మగవాళ్లెవరూ ఉండరనీ, ఓ కన్నేసి ఉంచమనీ చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని పైన అప్పజెప్పించి వచ్చిన మాటను కింద తనే చెప్పాడన్న స్పృహ ఆయనకు లేదు.

ఏడున్నరకు ఫైర్ అలారం చూసే మనిషి వచ్చి తలుపు కొట్టాడు. కృష్ణవేణి తన ఫోన్ అందించింది. అక్షయ స్పీకరు పెట్టి మొదటిది నొక్కింది. "ఎవర్రా అది? నేనుండగా నా గుమ్మం తొక్కడానికి ఎన్ని గుండెలు నీకు?" అని ఇల్లంతా దద్దరిల్లింది. ఆ మనిషి నిచ్చెన అక్కడే వదిలేసి లిఫ్టు దాకా పరిగెత్తాడు. అతను కిందికొచ్చి చెప్పింది విని జిలానీ బాషాకు అనుమానం వచ్చింది. మగవాళ్లు లేని ఇంట్లో మగ గొంతేమిటి? పైకి వెళ్లి చూస్తే గుమ్మం ముందు పదో నంబరు బూట్లు. వెంటనే ముదీర్‌కు, అంటే బిల్డింగ్ మేనేజరమ్మకు, చెప్పాడు.

ఆవిడ ఆఫీసు నంబరు నుంచి జగన్మోహనరావుకు ఫోన్ చేసి, మీ ఫ్లాట్‌లో మగవాళ్లెవరైనా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన అప్పుడు దుబాయ్ దరిదాపుల్లో రోడ్డు పక్కన టీ తాగుతున్నాడు. తెలియని నంబరు, పైగా ఆ ప్రశ్న. దొంగలే అనుకున్నాడు. ఎందుకు లేరు, మా బావమరిది ఉన్నాడు, ఆరడుగులవాడు, కుస్తీలు పడతాడు, కోపం జాస్తి అని చెప్పి టక్కున పెట్టేశాడు. తన సమయస్ఫూర్తికి తనే మురిసిపోయి ఇంకో టీ చెప్పాడు.

రిజిస్టర్లో పేరు లేని అతిథి ఉంటే బిల్డింగువాళ్లు ఊరుకోరు. గుర్తింపు కార్డు చూపించమని ఇద్దరు గార్డులు వెళ్లి తలుపు కొట్టారు. అక్షయ రెండోది నొక్కింది. "బయటికొచ్చానంటే కాళ్లు విరగ్గొడతాను, ఏమనుకుంటున్నావో." కాళ్ల మాట అర్థం కాకపోయినా గార్డులు రెండడుగులు వెనక్కి వేశారు. ఫోన్ మోగితే రికార్డు మధ్యలో ఆగిపోతుందని అక్షయ కృష్ణవేణి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం ఉంచింది. తన ఫోన్ అప్పటికే పరీక్ష కోసం ఆపేసి ఉంది.

ఇక జిలానీ బాషా తన ఫోన్ నుంచి చేశాడు. "సార్, మీ బామ్మర్ది వాకిలి తీయడం లేదు. మమ్మల్నే అరుస్తాండాడు. మీరు ఒక మాట చెప్పండి సార్."

"నాకు బావమరిది ఎక్కడున్నాడయ్యా? మా ఆవిడకి అన్నదమ్ములే లేరు."

దొంగల కోసం తను పుట్టించిన బావమరిదిని ఆయన అప్పటికే మరిచిపోయాడు. "మరి లోపల ఉండేది ఎవరు సార్?" అన్నాడు జిలానీ బాషా.

జగన్మోహనరావు కప్పు పారేశాడు. భార్యకు చేశాడు, కలవలేదు. మేనకోడలికి చేశాడు, కలవలేదు. అక్కకు ఏమని చెప్పాలి? డ్రైవరును "యల్లా, యల్లా" అని తొందరపెట్టి, దారి పొడుగునా ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి వచ్చాడు.

తొమ్మిదిన్నరకు ఆయన ఇరవై రెండో అంతస్తులో లిఫ్టు దిగేసరికి బిల్డింగువాళ్లు పిలిచిన ఇద్దరు పోలీసులున్నారు, అందులో ఒకరు ఆడ అధికారి. ఆవిడ ఆయన్ని అరవొద్దని గోడ పక్కన నిలబెట్టి, మెల్లగా తలుపు తట్టింది. లోపల్నుంచి మూడోది వినిపించింది. "చెబితే సిగ్గు లేదా? నా మాటంటే లెక్క లేదా? ఇంకొక్కసారి చప్పుడైతే మనిషిని కాను నేను."

ఆ భయంలో జగన్మోహనరావుకు పొద్దున తను చేసిన రికార్డు గుర్తే రాలేదు. తన ఇంట్లో ఇలాంటి గొంతా? ఈ మనిషి తెలుసా అని అధికారి అడిగింది. తెలియదన్నాడు. మావైపువాడే, యాభైకి దగ్గర పడ్డవాడు, పరమ మొరటు మనిషి, పెద్దా చిన్నా తేడా తెలియదు, ఇలాంటివాడి చేతిలో ఆడవాళ్లు క్షణం కూడా క్షేమంగా ఉండరు, ముందు వీణ్ణి ఇంట్లోంచి బయటికి లాగండి అని చెప్పాడు. అదంతా రెండో పోలీసు ట్యాబ్‌లో రాసుకుని, చదివి వినిపించి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు.

అప్పటికి ఆయన నిబ్బరం అయిపోయింది. గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. "వేణీ... ఒక్కసారి పలకవే," అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో కృష్ణవేణి ఆయన నోట అంత మెత్తని మాట వినలేదు. అయినా గుర్తుపట్టింది. గభాలున తలుపు తీసింది.

పోలీసులు మంచం కింద, బీరువాలో, వాషింగ్ మెషీన్ వెనక వెతికారు. ఎవరూ లేరు. గుమ్మం దగ్గర చేతిలో ఫోనూ, భుజాన పుస్తకాల సంచీతో అక్షయ నిలబడి ఉంది. అధికారి ఆ ఫోన్ తీసుకుని నొక్కింది. మూడూ వరసగా వినిపించాయి. ఎవరి గొంతిది అని అడిగింది.

"ఈయనదే," అంది కృష్ణవేణి.

"నా గొంతు అలా ఉండదు," అన్నాడు జగన్మోహనరావు.

"అలాగే ఉంటుంది మామయ్యా," అంది అక్షయ. ఆ పిల్ల చూపు గోడ గడియారం మీద ఉంది. పది దాటి ఐదు నిమిషాలు. పరీక్ష సంగతి గడగడా ఇంగ్లీషులో చెప్పేసింది. అధికారి హాల్ టికెట్ చూసి, నీతో పనిలేదు, వెళ్లు అంది. ఒక్కదాన్నే ఎలా పంపడమని మామయ్య నోరు తెరిచాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన గుమ్మానికి అడ్డు తప్పుకున్నాడు. అక్షయ లిఫ్టు కోసం ఆగకుండా ఇరవై రెండు అంతస్తులూ మెట్ల మీదుగా దిగి, నడుచుకుంటూ వెళ్లి, పదీ ఇరవై ఎనిమిదికి తన కుర్చీలో కూర్చుంది.

ఇంట్లో మిగిలిన పని కాగితాలదే. ఫిర్యాదు ముగించాలంటే అనుమానితుడు ఎవరో తేల్చి రాయాలన్నాడు రెండో పోలీసు. అంతకుముందు ఇచ్చిన వాంగ్మూలం కొట్టేయమని జగన్మోహనరావు బతిమాలాడు. సంతకం పెట్టాక కొట్టేయడం కుదరదనీ, ఖాళీగా ఉన్న గడి నింపడమే కుదురుతుందనీ చెప్పి, ఇంటావిడ ఒకసారి చదివి తప్పులుంటే చెప్పమన్నాడు. కృష్ణవేణి కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివింది.

పేరు గడిలో మొగుడి పేరు రాయించి, వర్ణనలో మార్చవలసిందేమీ లేదని సంతకం పెట్టింది.