ఇద్దరూ ఆడపెళ్ళివారే!

కృష్ణా జిల్లాలో ఇకమీదట ఆడపిల్లను ఆడపిల్లకే ఇచ్చి పెళ్ళి చేయాలి. కనీసం ఓ పదేళ్ళపాటు!

ఉలిక్కిపడకండి. చేతిలో కాఫీ ఉంటే పక్కన పెట్టి, స్థిమితంగా వినండి. మొన్న జులైలో ఢిల్లీ హైకోర్టు చెప్పిన తీర్పు చదివి నేను ఈ మాట అనడం లేదు. పాపం, ఆడా ఆడా, మగా మగా కలిసి బతికేవాళ్ళను నేరస్థుల్లా చూడొద్దని మాత్రమే ఆ కోర్టు అంది. పెళ్ళి ఊసే ఎత్తలేదు. సాయంత్రానికల్లా మేళతాళాలతో పెళ్ళిళ్ళు చేసేసింది మన టీవీ ఛానెళ్ళు! నేను ఈ నిర్ణయానికొచ్చింది మన మామూలు పెళ్ళిళ్ళు చూసి చూసి.

అసలు మన పెళ్ళిళ్ళలో గొడవలన్నిటికీ మూలం ఏమిటి? మగపెళ్ళివారు! విడిదిలో ఏసీ చల్లగా లేదని ఒకాయన, మరీ చల్లగా ఉందని ఇంకొకాయన. ప్రతి పెళ్ళికొడుక్కీ ఒక బాబాయి ఉంటాడు. అలగడమే ఆయన ఫుల్‌టైం ఉద్యోగం. ఉప్మాలో జీడిపప్పు కనబడలేదని అలిగి, రిటర్న్ బస్సెక్కి కూర్చుంటాడు. మరి ఇద్దరూ ఆడపిల్లలే అయితే? రెండువైపులా ఆడపెళ్ళివారే! రెండువైపులా చేతులు కట్టుకునేవాళ్ళే! అలిగే పోస్టే రద్దు!

తాళి ఎవరు కడతారని అడుగుతున్నారా? ఎవరికి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు!

ఇద్దరు మగపిల్లల పెళ్ళికి కూడా నేను వ్యతిరేకిని కాను. నా బెంగల్లా ఒక్కటే. రెండు విడిది ఇళ్ళలోనూ మగపెళ్ళివారే కాళ్ళు జాపుకుని కూర్చుని, కాఫీ ఇంకా రాలేదేమని వాచీలు చూసుకుంటూ ఉంటే, ఆ కాఫీ పెట్టేదెవరు? ముహూర్తం వచ్చేలోపు దాహంతో ఎంతమంది పోతారు?

ఇదంతా ఊహ కాదు. పటమటలో మా వీధి చివర, నాగలక్ష్మి ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

నాగలక్ష్మి భర్త దుర్గాప్రసాద్‌కు హనుమాన్ జంక్షన్‌లో చేపల లారీలకు ఐస్ సప్లై చేసే వ్యాపారం. ఆయన తల్లి నాంచారమ్మ, ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి, ఇప్పుడు వీళ్ళ దగ్గరే ఉంటుంది. తీర్పు వచ్చిన రోజున, ఆ వార్త చెవిన పడితే తల్లి గుండె ఆగిపోతుందని భయపడి దుర్గాప్రసాద్ కేబుల్ వైరు పీకేశాడు. సీరియళ్ళు లేక ఆవిడ గుండె నిజంగానే ఆగేలా ఉంది.

సరిగ్గా ఆ వారమే ఒక్కగానొక్క కూతురు సత్యశ్రీ గన్నవరం నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. తనతోపాటే పనిచేసే వినీలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. ఇక సంబంధాలు చూడొద్దని, తమ ఇద్దరి కాపురం ఎప్పుడో మొదలైందని హాల్లో నిలబడి చెప్పింది.

నాగలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు ముందేసుకుని, ఆ వంకన ఏడ్చింది.

"చట్టం ఒప్పుకోదు కదే," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"చట్టాన్ని భోజనానికి పిలవడం లేదమ్మా. వినీలవాళ్ళ అమ్మానాన్నల్ని పిలుస్తున్నా. మర్యాదగా చూస్తారా, సంతోషం. లేదంటే నేనిక ఈ గడప తొక్కను."

ఈ మాటలన్నీ నాంచారమ్మ విననే విన్నది. గుండె ఆగలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ పిల్ల చేపలు తింటదా?"

"నాకన్నా బాగా తింటుంది నానమ్మా."

"మరింకేంటంట గొడవ?"

"నీకు అర్థం కావడం లేదమ్మా!" అన్నాడు దుర్గాప్రసాద్.

"నాకెందుకు అర్థం కాదురా? నా పెళ్ళికొడుకు మొహం నేను పెళ్ళయ్యాక చూశా. నచ్చలేదు. ఎవరికి చెప్పుకున్నా?"

"పెళ్ళికొడుకేంటి! మా నాన్న!"

"ఆయనే."

మరుసటి నెల ఓ ఆదివారం, చర్చి అయ్యాక, పామర్రు నుంచి వినీల తల్లిదండ్రులు అంతోని, సంపూర్ణమ్మ బస్సు దిగి వచ్చారు. అమ్మాయిలిద్దరూ గన్నవరం నుంచి ముందే చేరారు. నాగలక్ష్మి తెల్లారేసరికే లేచి కొరమీను పులుసు, రొయ్యల వేపుడు, గారెలు చేసింది. గుమ్మంలోకి వెళ్ళి చూస్తే, సంపూర్ణమ్మ చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్! భోజనానికి పిలిస్తే ఆవిడ భోజనం వండి తెచ్చింది!

"మీకు శ్రమ ఎందుకని... మేం ఆడపిల్లవాళ్ళం కదండీ," అంది సంపూర్ణమ్మ బెరుగ్గా.

"అయ్యయ్యో, మేమూ ఆడపిల్లవాళ్ళమే కదండీ!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ సంగతి అప్పటిదాకా ఇద్దరికీ తట్టలేదు.

ఇక చూడండి! సోఫా ఖాళీ. తల్లిదండ్రులు నలుగురూ నిలబడే ఉన్నారు. మీరు కూర్చోండంటే మీరు కూర్చోండి. ఎదుటివాళ్ళు కూర్చోకుండా కూర్చునే అలవాటు ఆడపిల్లవాళ్ళకు ఎక్కడుంది?

"మా అమ్మాయికి వంట అంతంత మాత్రమేనండీ, ముందే చెప్పేస్తున్నా," అన్నాడు అంతోని.

"మాదానికి కోపం జాస్తి. మీరే సర్దుకోవాలి," అన్నాడు దుర్గాప్రసాద్.

"మా వినీల నిద్రలేవడం కూడా ఆలస్యమేనండీ," అని సంపూర్ణమ్మ ఇంకో మెట్టు దిగింది.

"నాన్నా, చాలు!" అని అమ్మాయిలిద్దరూ ఒకేసారి అరిచారు.

నాగలక్ష్మి మాత్రం భర్త చేతుల వంకే చూస్తోంది. జోడించి ఉన్నాయవి. అలాంటి చేతుల్ని ఆవిడ ఒకప్పుడు చూసింది. తన పెళ్ళిలో దుర్గాప్రసాద్ మేనమామ, కాఫీ కప్పులో కాక గ్లాసులో ఇచ్చారని అలిగితే, ఆవిడ నాన్న జోడించిన చేతులు విడదీయకుండా ఆయన వెంట పందిరంతా తిరిగాడు. పెళ్ళికూతురి గదిలోంచి, బాసికం సర్దుకుంటూ ఆవిడ చూసింది. పెళ్ళికొడుకు కూడా చూశాడు. చూసి, పక్కకు తిరిగి ఫొటోకు నవ్వాడు.

ఇంతలో నాంచారమ్మ మెల్లిగా నడిచొచ్చి, ఖాళీ సోఫా మధ్యలో ఠీవిగా కూర్చుంది.

"ఎవరూ లేకపోతే నేనే మగపెళ్ళివారిని! కాఫీ తెండి!"

కాఫీ వచ్చింది. ఒక గుక్క తాగి, మూతి ముడుచుకుంది. "పంచదార చాల్లేదు. నేనలిగా."

ముందు వినీల పక్కుమంది. తర్వాత సత్యశ్రీ. తర్వాత సంపూర్ణమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని. అంతోని వంగి, "అమ్మగారూ, మా తప్పు కాయండి. స్కూటర్ ఇప్పిస్తాం," అని చేతులు జోడించేసరికి ఇల్లు ఇల్లంతా గొల్లుమంది. దుర్గాప్రసాద్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూనే, "మీరు ముందు కూర్చోండి బావగారూ," అనేశాడు.

బావగారు! వియ్యంకుడిని పిలిచే పిలుపు! సత్యశ్రీ వినీల చేయి పట్టుకుంది. దుర్గాప్రసాద్ నాలిక కరుచుకోలేదు. మాట వెనక్కి తీసుకోలేదు.

"వదినగారూ, వడ్డిద్దామా?" అంది సంపూర్ణమ్మ నాగలక్ష్మితో.

కానీ వడ్డించనిచ్చిందెవరు? ఆడపిల్ల తండ్రి పని పంక్తి వెంట తిరిగి కొసరి వడ్డించడం కదా! ఇక్కడ ఆడపిల్ల తండ్రులు ఇద్దరు. అంతోని అన్నం బేసిన్ అందుకున్నాడు. ఆయన నిలబడితే తాను కూర్చోవడం బాగోదని దుర్గాప్రసాద్, భార్య చేతిలోని గరిట లాక్కున్నాడు.

"నువ్వు కూర్చో లక్ష్మీ," అన్నాడు.

నాగలక్ష్మి కూర్చుంది. కొరమీను పులుసు పొగలు కక్కుతూ ఆవిడ కంచంలో పడింది. ఆ పులుసు ఆవిడ చేతి వంటే. కాకపోతే అందరూ లేచాక, గిన్నె అడుగున చల్లారిందే ఇన్నాళ్ళూ తిన్నది. వేడిగా ఉంటే ఎలా ఉంటుందో ఇదే మొదటిసారి తెలియడం. ఒక ముద్ద తిని, తలెత్తి, మగపెళ్ళివారిలా అంది:

"ఉప్పు చాల్లేదు."

"అయ్యో, ఇప్పుడే!" అంటూ దుర్గాప్రసాద్ వంటింట్లోకి పరిగెత్తాడు.

ఎంతకీ రాడు. డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు. ఏదో కింద పడిన చప్పుడు. కాసేపటికి గుమ్మంలోంచి తల ఒక్కటే బయటకొచ్చింది.

"లక్ష్మీ, మనింట్లో ఉప్పు ఎక్కడుంటుంది?"

అదీ సంగతి, అమ్మల్లారా! ఇద్దరు ఆడపిల్లలు కాపురం పెడితే సంసారాలు కూలిపోతాయని టీవీల్లో పెద్దమనుషులు గుండెలు బాదుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియని సంసారాలేనా ఆ కూలిపోయేవి?

అందుకే పదేళ్ళు అంటున్నాను. నేను మరీ మొండిదాన్ని కాను. ఆ గడువు తీరాక, ఉప్పు ఎక్కడుంటుందో తెలిసిన మగపిల్లలెవరైనా ఉంటే, వాళ్ళ అప్లికేషన్లు కూడా సానుభూతితో పరిశీలిద్దాం!